నూనె పడని గుంట

సుంకప్ప మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తెల్ల గరిటెను పక్కకు వంచి మెల్లగా ముంచాడు. గట్టిగా ముంచితే దోమపురుగులు అడుక్కి పారిపోతాయి. గరిటె పైకి తీసి చూస్తే సన్నటి తోకలు కొట్టుకుంటూ లెక్కలేనన్ని ఉన్నాయి. అన్ని దొరికినందుకు సంతోషించాడు. సంతోషించినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే వాటిని సీసాలో వంపుకుని మళ్ళీ గరిటె ముంచాడు.

సిగ్గుపడవలసిన సంగతే. సర్కారు అతనికి జీతమిస్తున్నది ఆ పురుగులను చంపమని. తుంగభద్ర కాలువ గట్టు కోసం మట్టి తవ్విన చోటల్లా గుంటలు పడ్డాయి, గుంటల్లో నీళ్ళు నిలిచాయి, నీళ్ళలో దోమలు పుట్టాయి, వాటి వెనకే చలిజ్వరాలు వచ్చాయి. గోరేబాళ దగ్గరి కాలువ క్యాంపులో ఆ గుంటలన్నింటి మీదా మడ్డినూనె కొట్టడం సుంకప్ప ఉద్యోగం. ఖాకీ చొక్కా, వీపున పిచికారీ డబ్బా, ఎంత రుద్ది స్నానం చేసినా వదలని కంపు. వట్టి సుంకప్ప ఎవరో జనానికి తెలియదు. నూనె సుంకప్ప అంటే మాత్రం పసిపిల్లలు కూడా ముక్కు మూసుకుంటారు.

అలాంటివాడి ఇంటికి ఏంజెల్ చేపలు వచ్చాయి. క్యాంపు ఇంజినీరు బదిలీ మీద పోతూ, మద్రాసు నుంచి తెచ్చుకున్న గాజుతొట్టి లారీలో పగిలిపోతుందని వదిలేశాడు. సామాను మోయడానికి వెళ్ళిన సుంకప్ప "నాకియ్యుండ్రి దొరా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగి అతను ఎవరినీ ఏదీ అడిగినవాడు కాదు. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

ఏంజెల్ అన్న పేరు అతని నాలుకకు పట్టలేదు. అతనికి అవి గాలిపటం చేపలు. అరచేతిని నిలబెట్టినట్టు పలచటి వెండి ఒళ్ళు, దాని మీద నిలువుగా నల్లచారలు, పైకీ కిందికీ సాగిన రెక్కలు. తొట్టి అడుగున కడిగిన ఇసుక, మధ్యలో ఇంజినీరు నాటిన వెడల్పాకుల మొక్క, చుట్టూ సుంకప్ప కాలువ ఒడ్డు నుంచి తెచ్చి గుచ్చిన పొడుగాటి నీటిగడ్డి. ఆ గడ్డిలోంచి ఆ జంట ఒక్క ఆకు కూడా కదలకుండా దాటిపోయేది. ముక్కు మూసుకునే జనమే గడపలో నిలబడి నోరు తెరిచి చూసేవాళ్ళు. "సుంకప్పా, లోపలికి రావచ్చునా?" అని అడిగేవాళ్ళు. అతని యాభై ఏళ్ళ బతుకులో ఒకరు తన గడప దగ్గర ఆగి అలా అడగడం అదే మొదలు.

ఇంజినీరు ఇచ్చిన డబ్బాలో మేత అయిపోయింది. తవుడు వేస్తే మూతి తిప్పుకున్నాయి. జొన్నరొట్టె ముక్కను కన్నెత్తి చూడలేదు. ఒకనాడు గరిటెలో మిగిలిన దోమపురుగులను తెచ్చి వేస్తే ఒక్క గుక్కలో మింగి, ఇంకా ఏవీ అన్నట్టు అద్దం దగ్గరకు వచ్చాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే తులసమ్మ అడిగింది. గుంటూరు వైపు నుంచి భర్త యలమందయ్యతో వరి పండించుకోవడానికి వచ్చిన మనిషి. వాళ్ళ పాక ఈ గుంట పక్కనే. గిన్నెలు తోమేది ఈ నీళ్ళలోనే.

"అన్నయ్యా, నీ నూనెతో నా గిన్నెలన్నీ జిడ్డోడుతున్నాయి. ఈ ఒక్క గుంటా వదిలెయ్యకూడదూ?"

ఇలా అడిగినవాళ్ళు అంతకు ముందూ ఉన్నారు. వాళ్ళకు సుంకప్ప దగ్గర ఒకటే జవాబు: "జిడ్డు కావాల్నా, జ్వరం కావాల్నా?" తులసమ్మకు మాత్రం "సరే తీ చెల్లె, నీ గుంట జోలికి రాను" అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది. నా గిన్నెల కోసం అన్నయ్య నూనె మానేశాడని ఊరంతా చెప్పుకుంది. వారం తిరక్కుండా చిన్న జాడీలో ఆవకాయ పెట్టి, మూతి మీద పాత చీర పీలిక కట్టి తెచ్చింది. "జాడీ మాత్రం మర్చిపోకుండా ఇచ్చెయ్యి అన్నయ్యా, మా అమ్మది" అంది.

ఇప్పుడు వెనక గిన్నెల చప్పుడైతే సుంకప్ప సీసాను చప్పున గట్టు మీది పిచికారీ డబ్బా చాటుకు తోశాడు. తులసమ్మ వచ్చింది. పొద్దున్నే చెమట పట్టిస్తున్న ఎండలో ఆమె దుప్పటి కప్పుకుని ఉంది. పెదవులు పొట్టు లేచాయి.

"ఏంది చెల్లె, గిట్ల కప్పుకున్నవ్?"

"మొన్నటి నుంచీ ఇంతే అన్నయ్యా. వణుకొస్తంది, తర్వాత ఒళ్ళు కాలిపోతంది. ఇది చలిజ్వరం కాదు గదా? నీకైతే తెలుస్తుందని అడుగుతున్నా."

అతనికి తెలుసు. చూసిన క్షణానే తెలిసింది. చలిజ్వరమని చెబితే మలేరియా ఇనస్పెక్టరు వస్తాడు, మాత్రలు ఇస్తాడు, పాక చుట్టూ ఉన్న నీళ్ళన్నీ తన చేత్తో ముంచి చూస్తాడు. ఇంట్లో తొట్టిలో వెడల్పాకు మీద చేపపిల్లలు ఇప్పుడిప్పుడే తోకలాడిస్తున్నాయి. ఇంకో పది దినాలు గడిస్తే గట్టిపడతాయి, అందాకా ఈ గుంట పురుగులు కావాలి.

"ఛ, చలిజ్వరం ఎందుకైతది? నీళ్ళు మారినయి, గంతే. గంజి తాగి పండుకో."

"హమ్మయ్య" అంది తులసమ్మ. "నువ్వు చెబితే నాకు ధైర్యం." గిన్నెలు తోమకుండానే రాతి మీద పెట్టి, తూలుతూ పాకలోకి వెళ్ళిపోయింది.

సుంకప్ప డబ్బా భుజానికెత్తుకుని మిగిలిన గుంటల మీద పడ్డాడు. ఆ రోజు అతను కొట్టినంత శ్రద్ధగా నూనె ఏనాడూ కొట్టలేదు. క్యాంపు ఆఫీసు దగ్గర ఇనస్పెక్టరు గోపాలయ్య ఎదురై, రోజూ అడిగే మాటే అడిగాడు.

"జ్వరాలేమైనా ఉన్నాయేమయ్యా?"

"లెవ్వు సాబ్."

తన గొంతు తనకే వినబడనంత మెల్లగా అన్నాడు. గోపాలయ్య తలాడించి వెళ్ళిపోయాడు. సుంకప్ప తేలు కుట్టిన దొంగలా పిచికారీ డబ్బా అక్కడే దించి బయటపడ్డాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, తెచ్చిన పురుగులను పాత ధోవతి గుడ్డలో వడగట్టాడు. సన్నవి పిల్లలకు, పెద్దవి తల్లిదండ్రులకు. ఆ జంట ఇదివరకు రెండుసార్లు గుడ్లు పెట్టి తామే తినేసింది. అప్పుడు వాటి మీద అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది. కాపలా ఉండవలసినవే తింటే ఎట్లా అని పెళ్ళాం యంకమ్మ దగ్గర రెండు రోజులు గొణిగాడు. ఈసారి అవి తినలేదు. ఆకు పక్కనే నిలబడి రెక్కలతో విసురుతున్నాయి.

యంకమ్మ రొట్టె పెట్టి, పక్కన ఆవకాయ వేసింది.

"తులసమ్మకు సోయి లేదంట. పక్కింటి నింగవ్వ చెప్పింది" అంది. "చలిజ్వరమే అది. ఆ గుంటకు నూనె కొడ్తున్నవా, లేదా?"

సుంకప్ప రొట్టె తుంచలేదు. యంకమ్మ సీసాను చూసింది, తొట్టిని చూసింది, మొగుణ్ణి చూసింది.

"కంచెనే చేను మేసిందన్నట్టు" అని ఊరుకుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. ఆమె జాడీలో మిగిలిన ఆవకాయను గిన్నెలోకి తీసి, జాడీ కడిగి, చీర పీలికను మళ్ళీ కట్టి అతని చేతికిచ్చింది. "పో. మందియ్యి. ఇది గూడ ఇచ్చి రా."

పరుగున వెళ్ళి తులసమ్మకు మందు కావాలని గోపాలయ్యను అడిగాడు. "పొద్దున లేవన్నావు కదయ్యా?" అంటే, "అప్పుడు తెల్వలే సాబ్" అన్నాడు. అప్పుడు కూడా నిజం నోటికి రాలేదు. గోపాలయ్య మాత్రలు పొట్లం కట్టి ఇచ్చి, "పద, పుస్తకంలో రాసుకుని నీ వెనకే వస్తున్నా" అన్నాడు.

వెనకే వస్తున్నా అన్న మాట సుంకప్ప కాళ్ళను దారి మళ్ళించింది. పొట్లం నడుములో దోపుకుని, ఆఫీసు దగ్గర దించిన పిచికారీ డబ్బా వీపుకెత్తుకుని వచ్చి, జాడీ గట్టు మీద పెట్టి, ముందుగా తులసమ్మ గుంటలోకి దిగాడు. ఇన్ని నెలలు కొట్టని నూనె అంతా ఒక్కసారే కొట్టాడు. ఇనస్పెక్టరు కంటికి ఎక్కడా నూనె పడని చోటు కనబడకూడదని చుట్టూ తిరిగి, మూలమూలా కొట్టాడు. తోమని గిన్నెల మీద కూడా నూనె తుంపర పడింది. పాక అక్కడికి పిలిస్తే పలికేంత దూరం.

అతను గట్టెక్కేసరికి పాకలోంచి ఏడుపు వినిపించింది.

ఆ కాస్త ఆలస్యానికే పోయిందా, ముందే వచ్చినా దక్కేది కాదా అన్నది ఎవరూ చెప్పలేరు. అతన్ని ఎవరూ అడగలేదు కూడా. యలమందయ్య గుమ్మంలో కూలబడి ఉన్నాడు. సుంకప్పను చూసి చేతులు పట్టుకున్నాడు.

"బండి కడతానంటే వద్దంది అన్నయ్యా. నీళ్ళు మారాయని సుంకప్పన్నయ్య చెప్పాడు, డాక్టరు దండగ అంది. నువ్వు చెప్పావంటే దానికి వేదం."

సుంకప్ప నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. వెనక గోపాలయ్య గుంట దగ్గర నిలబడి నీళ్ళ మీద తేలే రంగులను చూస్తూ, "ఇక్కడ బాగానే కొట్టావు సుంకప్పా" అన్నాడు. ఆ మెప్పుతో మాట తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

అతను జాడీని ముందుకు చాపాడు.

"ఉంచుకో అన్నయ్యా" అన్నాడు యలమందయ్య. "ఇంక దానికెందుకు?"

ఇంటికి వచ్చేసరికి దీపం పెట్టే వేళయింది. సుంకప్ప చొక్కా విప్పకుండా గాజుతొట్టి ముందు కూర్చున్నాడు. నడుములో పొట్లం అలాగే ఉంది. అతన్ని చూసి చేపలు రెండూ ఆకు వదిలి, మేత కోసం అద్దం దగ్గరకు వచ్చాయి. వాటివైపు తలెత్తి చూడటానికి కూడా అతనికి సిగ్గేసింది. కింద పెడితే కాలికి తగిలి పగులుతుందని యంకమ్మ అతని చేతిలోంచి జాడీని తీసి తొట్టి పక్కన గూట్లో పెట్టింది. ఎంత కడిగినా వదలని ఆవకాయ నూనె, మూతికి కట్టిన పీలిక అంచున ఎర్రగా ఉంది.