మైకు ముట్టని అభ్యర్థి

"మనకెందుకు రాగిణీ," అన్నాడు దివాకర్, ఉప్మాలో జీడిపప్పు వెతుక్కుంటూ.

ఆ మాట అతను అనని రోజు లేదు. ఎదురింటివాళ్ళ కుక్క తప్పిపోయినప్పుడూ అన్నాడు, ఆఫీసులో తన టీమ్‌లో సగంమందిని ఇంటికి పంపినప్పుడూ అన్నాడు. ఇవాళ మాత్రం కిటికీలోంచి పక్కింటి లాన్ వైపు చూస్తూ అన్నాడు. నిన్న సాయంత్రం దాకా అక్కడ నిటారుగా ఉన్న ఎన్నికల బోర్డు ఇవాళ వెల్లకిలా పడుంది. గాలికి పడిందని అనుకోవాలని రాగిణి చాలా ప్రయత్నించింది. కానీ గాలికి టైర్లుండవు. రోడ్డు మీంచి గడ్డిలోకి, గడ్డిలోంచి 'షిఫ్రా రోసెన్' అన్న అక్షరాల మీదుగా, మళ్ళీ రోడ్డు మీదికి, కారు టైరు నల్లగా సంతకం చేసి వెళ్ళింది.

"స్కూల్ బోర్డుకి నిలబడతానంది. బోర్డే నిలబడలేదు," అన్నాడు దివాకర్. తన జోకుకి తనే నవ్వబోయి, టైరు గుర్తు తమ లాన్ అంచుదాకా వచ్చిందని గమనించి ఆగిపోయాడు.

ఊళ్ళో మిగతా అభ్యర్థుల బోర్డుల మీద పళ్ళ డాక్టరు ప్రకటనల్లాంటి నవ్వులుంటాయి. షిఫ్రా బోర్డు మీద పేరే తప్ప ముఖం లేదు. వాళ్ళది నియమాలు గట్టిగా పాటించే యూదు సమాజం; పెళ్ళైన ఆడవాళ్ళు సొంత జుట్టు కనపడకుండా విగ్గు పెట్టుకుంటారు, ఆడవాళ్ళ ఫొటోలు అచ్చు వేయరు, పత్రికలోనైనా పోస్టర్‌లోనైనా. ముఖస్తుతికైనా ఒక ముఖం ఉండాలి కదా అని దివాకర్ మొన్నొకసారి అన్నాడు.

సోఫాలోంచి అత్తగారు లక్ష్మీకాంతం గారు గొంతు కలిపారు. ఆరు నెలలుండి వెళ్దామని వచ్చి, కిటికీ పక్క సీటు రిజర్వు చేసుకున్న మనిషి ఆవిడ.

"ఆ విగ్గావిడకి ఆరుగురు పిల్లలుట కదా. వాళ్ళకి వండేదెవరు?"

"ఆవిడే అత్తయ్యా."

"మరి ఎలక్షను?"

"అదీ ఆవిడే."

"మొగుడేం చేస్తాడో?"

"అడ్డు చెప్పట్లేదుట."

"ఓహో. అది కూడా ఒక పనేనన్నమాట," అన్నారావిడ కాఫీ గ్లాసు చాపుతూ. రాగిణి గ్లాసు అందుకుంది.

గ్లాసు అందుకోవడం, బాక్సులు సర్దడం, కూతురు ఆద్యకి జడ వేయడం, దివాకర్ లాప్‌టాప్ చార్జర్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం, పార్సిప్పనీ దాకా డ్రైవ్ చేసి మందుల కంపెనీలో సగం జీతానికి నిండు పని చేయడం, తిరిగొచ్చి రాత్రికి ఏం కూరో ఆలోచించడం. హైదరాబాద్‌లో ఆమె ల్యాబ్‌లో ద్రావకాలు కలిపేది. ఇక్కడ దోసెల పిండి కలుపుతోంది. కెమిస్ట్రీ కెమిస్ట్రీయే అంటాడు దివాకర్. తను పనిచేసేది అతని వీసా తోకకి కట్టిన పర్మిట్ మీద. ఆ వీసా వీసమెత్తుండదు గాని, దాని బరువు మాత్రం ఇంట్లో ప్రతి కుర్చీలోనూ కూర్చునుంటుంది.

షిఫ్రాని ఆమె మొదట కలిసింది మాటల టీచర్ గది బయట. ఆద్యకి నత్తి. షిఫ్రా చిన్నకూతురు తోవాకి అక్షరాలు ముక్కులోనే ఆగిపోతాయి. తోవా అంటే వాళ్ళ భాషలో 'మంచిది' అట. మాకు తోవ అంటే దారి అని రాగిణి చెబితే షిఫ్రా ఎంతో సంతోషపడింది. తోవా చదివేది వాళ్ళ మతం బడిలోనే అయినా, మాటల టీచర్ మాత్రం ఊరి స్కూళ్ళ తరఫున ఇద్దరికీ ఒకావిడే. ఆ టీచర్ దగ్గర ఆద్య మొదటిసారి తన పేరు తడబడకుండా చెప్పిన రోజున, బయట కుర్చీల్లో ఇద్దరు తల్లులూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు ఖర్చు తగ్గించాలని, ఊరివాళ్ళు ఓటేసి ఎన్నుకునే స్కూల్ బోర్డు ఆ టీచర్‌నే తీసేస్తానంటోంది. బోర్డులో ఉన్నదంతా మగవాళ్ళు. వాళ్ళ మీటింగులు సరిగ్గా పిల్లలు ఆకలి ఆకలి అని అరిచే వేళకి. "మన పిల్లల గురించి మాట్లాడే బల్ల దగ్గర ఒక్క తల్లీ లేదు రాగిణీ. అందరూ వంట దగ్గరున్నారు," అంది షిఫ్రా ఒకరోజు. మర్నాడే వెళ్ళి నామినేషన్ వేసింది.

వేసిందో లేదో, రెండువైపులనించీ మొదలైంది. వాళ్ళ పెద్దలు ఆవిడని పిలిపించి, మన తరఫున మాట్లాడటానికి మగవాళ్ళున్నారు కదమ్మా అన్నారు. పెద్దకూతురు చేరాల్సిన ఆడపిల్లల హైస్కూల్ నించి ఎవరో చాలా తీయగా ఫోన్ చేసి, వచ్చే ఏడు సీట్లు చాలా తక్కువగా ఉన్నాయన్నారు. ఈవిడ బోర్డులో సీటు అడిగితే, వాళ్ళు బడిలో సీటు అడ్డం పెట్టారు. బయటివాళ్ళకి అంత తీపి కూడా లేదు. మీవాళ్ళంతా వచ్చి మా ఊరిని మింగేస్తున్నారని ముక్కూ మొహం తెలియని గొంతులు వాయిస్ మెసేజులు పెట్టాయి. షిఫ్రా ఒకటి వినిపించింది. మొగగొంతు, చాలా నెమ్మదిగా, ఆవిడ పిల్లలు బస్సెక్కే మూల ఎక్కడుందో చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ రోజునించి రాగిణి కూడా ఆద్యని బస్సుకి ఒంటరిగా పంపడం మానేసింది. ఎందుకని దివాకర్ అడిగితే చలిగా ఉందని చెప్పింది.

బోర్డు పడిన ఆ వారంలోనే, శుక్రవారం మధ్యాహ్నం, పొద్దు వాలకముందే, షిఫ్రా తలుపు తట్టింది. చేతిలో నారింజపళ్ళు. ఇంత స్నేహంలోనూ ఒకరి వంట ఒకరు రుచి చూసింది లేదు. వీళ్ళింటి గిన్నెలు వాళ్ళ నియమానికి పనికిరావు, వాళ్ళ రొట్టెలో గుడ్డుంటుందని వీళ్ళత్తగారికి పనికిరాదు. అందుకని కొయ్యని పళ్ళే అటూ ఇటూ తిరుగుతుంటాయి.

"రేపటి మీటింగు శనివారం వద్దని ఎంత చెప్పినా మార్చలేదు. మిగతా అభ్యర్థులందరికీ కుదిరిందట," అంది షిఫ్రా గుమ్మంలోనే నిలబడి. "నడిచి వెళ్తాను. దూరం పర్లేదు."

"మంచిది."

"హాలు చాలా పెద్దది. మైకు పెడతారు. నేను మైకు ముట్టుకోకూడదు కదా. నా గొంతు వెనక వరసలదాకా వెళ్ళదు."

అంతే. నారింజపళ్ళు రాగిణి చేతిలో పెట్టింది.

శుక్రవారం పొద్దు వాలినప్పటినించీ శనివారం రాత్రిదాకా వాళ్ళకి సబ్బాతు, అంటే విశ్రాంతి రోజు. ఆ రోజున వాళ్ళు స్విచ్చి వేయరు, కారెక్కరు, కరెంటుతో నడిచేదేదీ తాకరు. తాకమని వేరేవాళ్ళని అడగనూ కూడదు. ముందు రోజే అడిగిపెట్టుకోవడం కూడా అడగడం కిందికే వస్తుంది. అభ్యర్థికి అభ్యర్థించే హక్కు లేని రోజన్నమాట. ఉన్న విషయం పైకి అనుకోవచ్చు, అంతవరకే. పోయినేడు ఒక శనివారం షిఫ్రా వచ్చి "మా వంటింట్లో చాలా చీకటిగా ఉంది," అంటే, రాగిణి అయ్యో పాపం అని టార్చిలైటు తెచ్చి, వెలిగించి మరీ ఆవిడ చేతిలో పెట్టబోయింది. షిఫ్రా చేతులు రెండూ వెనక్కి దాచుకుని, నవ్వాపుకోలేక, చెప్పనూలేక, అటూ ఇటూ ఊగింది. చివరికి రాగిణే వెళ్ళి లైటు వేసొచ్చింది. తరవాత్తరవాత బాగా అలవాటైంది. అసలు ఆ భాష రాగిణికి కొత్తదేం కాదు. పాలు అయిపోయినట్టున్నాయి, ఇవాళ కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది, మా ఫ్రెండ్స్ అందరూ లేక్ దగ్గరికి వెళ్తున్నారట. పెళ్ళైనప్పటినించీ ఆమె ఇంట్లో మాట్లాడుతున్నది అదే భాష. తేడా అల్లా, షిఫ్రా వారానికొక్కరోజే మాట్లాడుతుంది.

కాబట్టి గుమ్మంలో ఆవిడ అన్నది రాగిణికి పూర్తిగా అర్థమైంది. అర్థమైంది కాబట్టే అర్థం కానట్టు నటించింది.

"గట్టిగా మాట్లాడు షిఫ్రా. వినపడుతుందిలే," అంది.

షిఫ్రా తల ఊపింది. "సరే. వస్తాను, పొద్దుపోతోంది," అని గబగబా వెళ్ళిపోయింది.

"ఏమంటోంది?" అని లోపల్నించి దివాకర్.

"ఏం లేదు. పళ్ళిచ్చింది."

"రేపు నువ్వా మీటింగ్‌కి వెళ్ళకు. సీరియస్‌గా చెప్తున్నా. అందరూ ఫోన్లు పట్టుకుని రికార్డ్ చేస్తుంటారు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. మొన్న వీసా స్టాంపింగ్‌కి వెళ్తే మా టీమ్‌లో లోకేష్ వాళ్ళావిణ్ణి ఎన్ని క్వశ్చన్స్ అడిగారో తెలుసా? ఫేస్‌బుక్‌లో ఎప్పుడో పెట్టిన పోస్ట్ గురించి అడిగారట. మనకెందుకు చెప్పు."

అతను అరవలేదు. అరిస్తే బాగుండేది. అతని గొంతులో ఉన్నది కూడా భయమే, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో సామాను సర్దుకోవాల్సిన మనిషి భయం. ఆ భయం తాలూకు అన్నమే తనూ తింటోంది.

శనివారం మధ్యాహ్నం గ్రాసరీస్‌కి అని చెప్పి బయల్దేరింది. ఒట్టినే వెనకాల కూర్చుని వచ్చేస్తానని తనకి తాను చెప్పుకుంది. లైబ్రరీ హాలు నిండిపోయింది. చిట్టచివరి వరసలో షిఫ్రా వాళ్ళ సమాజం ఆడవాళ్ళు కొందరు, పొడుగు చేతుల దుస్తుల్లో, వచ్చి కూడా రానట్టు కూర్చున్నారు. రాగిణి వాళ్ళ పక్కనే ఒదిగింది.

మిగతా అభ్యర్థులు ఒకరి తరవాత ఒకరు మైకు అందుకుని రెండేసి నిమిషాలు దంచారు. తరవాత షిఫ్రా లేచింది. తోవా తల్లి గౌను పట్టుకుని పక్కనే నిలబడింది. షిఫ్రా పెదాలు కదిలాయి. వెనక్కి ఏమీ రాలేదు.

"వినపడట్లేదు," అన్నారెవరో.

"మైకు తీసుకోండి మేడమ్," అన్నాడు నిర్వాహకుడు. షిఫ్రా అతనికేదో చెప్పింది. అతను భుజాలెగరేసి గడియారం చూసుకున్నాడు.

"ఏం చెప్తున్నావో నీకైనా వినపడుతోందా?" అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన. నవ్వులు. "మీ ఆయన్ని పంపాల్సింది," అని మరో మూలనించి. ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా. చివరి వరసలో ఒకామె ఒళ్ళో చేతులు గట్టిగా బిగించుకుంది. షిఫ్రా ఇంకా మాట్లాడుతూనే ఉంది. మెడ నరాలు కనిపిస్తున్నాయి, మాట మాత్రం మూడో వరస దాటడం లేదు.

ఆవిడ ఒక్కసారైనా రాగిణి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుందని, కళ్ళు గోడ మీద ఎక్కడో పెట్టుకుంది. అడిగి ఉంటే కాదనడం తేలికయ్యేది. వీసా ఉంది, అత్తగారున్నారు, తలనొప్పి ఉంది, ఎన్ని కారణాలని. అడగని మనిషికి ఏ కారణం చెప్పుకోవాలి? లేస్తే ఈ ఫోన్లన్నీ తన వైపు తిరుగుతాయి. టోపీ ఆయన తన కారు నంబరు చూస్తాడు. ఆద్య బస్సెక్కే మూల ఎవరికైనా తెలుస్తుంది. రేపు ఏదో ఆఫీసులో, ఏదో అద్దం వెనక, ఎవరో ఈ వీడియో వేసి, ఇందులో ఉన్నది నువ్వేనా అంటారు. లేవకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. పాలు, కొత్తిమీర కొనుక్కుని ఇంటికెళ్తుంది. వచ్చే ఏడు ఆద్య తన పేరు దగ్గర మళ్ళీ ఆగిపోతుంది, ఆ, ఆ, ఆ, అని. అప్పుడు కూడా దివాకర్ ఆ మాటే అంటాడా?

ఎప్పుడు లేచిందో తెలియదు. నడవా మధ్యలో ఉన్నప్పుడు తెలిసింది. బల్ల మీది మైకు చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

"మీరెవరండీ? అభ్యర్థి తరఫు మనిషా?" అన్నాడు నిర్వాహకుడు.

"పక్కింటి మనిషిని," అంది. హాలంతా ఆ మాట మోగేసరికి తనే ఉలిక్కిపడింది.

షిఫ్రా చిన్నగా ఊపిరి పీల్చుకుని మొదటినించి చెప్పింది. ఒక్కొక్క వాక్యం. రాగిణి వెనకాలే మైకులోకి. పిల్లలకి అన్నం పెట్టే వేళ మీటింగులు పెట్టి తల్లులు రావడం లేదనకండి. ఊరి బస్సు, ఊరి టీచరు మతం చూసి పంచేవి కావు. మాట రాని పిల్ల ఏ బడిలో కూర్చున్నా మాట రాని పిల్లే. నవ్వులు ఆగిపోయాయి. ఫోన్లు లేచాయి, అనుకున్నట్టే, అనుకున్నన్ని. చివరి వరసలో ఆడవాళ్ళు మెడలు నిటారుగా పెట్టి వింటున్నారు.

గంట మోగింది. షిఫ్రా నుదురు తుడుచుకుని కూర్చుంది.

"థాంక్యూ. మైకు ఇలా ఇచ్చేయండి," అన్నాడు నిర్వాహకుడు చెయ్యి చాపి.

బ్యాగులో ఫోన్ కొట్టుకుంటోంది. దివాకరే అయుంటాడు. ఎవరో అప్పుడే అతనికి పంపేసి ఉంటారు. రాగిణి ఆ చాచిన చేతి వైపు చూసింది. దానిలోకి గ్లాసు పెట్టినంత తేలికగా మైకు పెట్టేసి వెళ్ళిపోవచ్చు. వేళ్ళు విప్పబోయింది. విప్పలేదు.

"నాకిక్కడ ఓటు లేదండీ. ఇక్కడికి రావద్దని మా ఇంట్లో అన్నారు. నాకు చాలా భయంగా ఉంది," అంది. "ఆవిడ టైమ్ అయిపోయిందని తెలుసు. ఇప్పుడు నాకొక నిమిషం కావాలి."