మోకాళ్ళతో విన్న గిటార్

ఆ రోజు వేదిక మీద నాలుగు పాటలకీ ఆమె గిటార్ వాల్యూమ్ నాబ్ సున్నా మీదే ఉంది. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు. వేళ్ళు కదిలాయి, తల ఊగింది, జుట్టు మొహం మీద పడింది, చప్పట్లూ పడ్డాయి. వినబడిందంతా పక్కన వాయించిన బక్కాయన గిటారే. ఆయన ఆంప్ ముందు, గిటార్ శబ్దాన్ని పెంచే ఆ పెట్టె ముందు, గుప్పెళ్ళకొద్దీ రాలిన ఇనుప రజను చూసి, అందులో సగం ఈమెదే అనుకున్నారు జనం. తర్వాత హాలు ఊడ్చిన ముసలాయన ఒక్కడే, "నీ పెట్టె ముందు నేల అద్దంలా ఉందమ్మా, నీలాంటివాళ్ళు నలుగురుంటే నా నడుం నిలబడేది" అని దీవించి వెళ్ళాడు. మూడు నెలలైంది. ఆ దీవెన ఇంకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆంప్ అన్నాక రాలుతుంది. ట్రెబుల్ ఎక్కువైతే ఇనుప రజను, బాస్ ఎక్కువైతే తడిమట్టి, మధ్య స్వరాలు తగ్గిస్తే పొట్టు. రోజూ పొద్దున్నే చీపురూ చేటా పట్టుకుని గది ఊడ్చుకుంటే గానీ ఆమె పనికి బయల్దేరదు. "రాల్చినమ్మే ఎత్తాలి" అన్నది అమ్మమ్మ పెట్టిన షరతు. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. మట్టి మాత్రం మేడ మీద పూలకుండీల్లోకి పోతుంది.

"ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నీ బాస్‌కి పూలు విరగబూస్తున్నాయే పిల్లా" అంటుంది అమ్మమ్మ.

ఆమె గిటార్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వినడం, ఆపడం, మళ్ళీ వినడం. వేళ్ళకి పాటలు వచ్చేశాయి గానీ, ఆ శబ్దం మాత్రం రాలేదు. చెవిలో ఎక్కడో ఉంది: వెచ్చగా, పొడుగ్గా, మనిషి మాట్లాడబోయి పాడేసినట్టు. ఆంప్ దగ్గర కూర్చుంటే అయిదు నాబ్‌లూ అయిదు వైపులా తిప్పేది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేది.

శనివారం కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దం అంచు అరగదీస్తుంటే ఫోన్ మోగింది. డ్రమ్ములక్క. బృందానికి పెద్దదిక్కు ఆవిడే.

"ఏమే, రేపే రికార్డింగ్. బక్కాయన రావట్లేదు. గిటారంతా నువ్వే."

"అక్కా, అది... నేను..."

"నసగకు. నువ్వు ఆ రోజు అలా వాయించావు కాబట్టే కదే మనల్ని పిలిచారు! అచ్చం ఆ రోజులాగే వాయించు, చాలు. కుదరకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను. ఆరింటికల్లా చెప్పాలి. చెప్పకపోతే ఏడవను గానీ, తిడతాను."

ఫోన్ పెట్టేసింది. ఇక్కడ చక్రం కింద అద్దం అంచు పెళుక్కుమంది.

ముందు గదిలో జనం ఎక్కువగా ఉన్నారని షాపు నడిపే మాస్టారు ఆమెని కేకేశారు. కుర్చీలో ఒక పెద్దావిడ. గోడ మీది అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయంటోంది. ఆమె గబగబా పరీక్ష ఫ్రేములో రెండు అద్దాలూ తీసి రెండూ మార్చేసింది.

"ఇప్పుడు?"

"ఏదో మారింది. బాగుపడిందో పాడైందో తెలీడం లేదు తల్లీ."

మాస్టారు వచ్చి ఆమె చేతిలో అద్దం లాక్కున్నారు. "రెండూ ఒకేసారి మారిస్తే ఆవిడకే కాదు, ఆ దేవుడిక్కూడా తెలీదు. ఒకటి మార్చు. ఇదా, అదా అని అడుగు. చెప్పింది నమ్ము. అప్పుడు రెండోది. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

చాలాసార్లే చెప్పారు. కానీ ఈసారి ఆ మాట చెవిలో పడి అక్కడే ఆగకుండా సరాసరి ఇంటికి, తన గదిలోకి, ఆ అయిదు నాబ్‌ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"మాస్టారూ, కడుపునొప్పి. ఇంటికెళ్తాను."

ఆయన ఆమె కళ్ళలోకి చూశారు. కళ్ళు చూడటమే కదా ఆయన పని. "కడుపునొప్పికి కళ్ళెందుకే అలా మెరుస్తున్నాయి? సరే, ఫో."

ఇంటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. అమ్మమ్మని చెయ్యిపట్టి లాక్కొచ్చి ఆంప్ ఎదురుగా చిన్నపీట మీద కూర్చోబెట్టింది.

"నేను అడిగిందానికి ఇదో అదో చెప్పు. ఇంకేం చెప్పకు."

"మీ తాతయ్యే నన్ను అంత మాట అనలేదే!"

ముందు గెయిన్, శబ్దాన్ని గరగరలాడించే నాబ్. తొమ్మిది మీద ఉంది. తీగ మీటగానే రజను జల్లున రాలింది. "ఇదా?" ఏడుకి దించింది. "అదా?"

"అదే."

అయిదు. "అదే." నాలుగు. "అదే." మూడు. "ఊహూ, ముందుదే."

నాలుగు దగ్గర వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకో నాబ్ ముట్టుకోవాలని వేళ్ళు దురదపెట్టాయి. ఆగింది. తర్వాత మిడిల్, మధ్య స్వరాల నాబ్. ఎప్పుడూ సున్నా మీదే ఉంచేది, ఒంటరిగా వాయించుకుంటే అలా ముద్దుగా ఉంటుందని. రెండు, నాలుగు, ఆరు. పొట్టు రాలడం ఆగిపోయింది.

"ఆఁ! ఇప్పుడెవరో మనిషొచ్చి మాట్లాడుతున్నట్టుంది!" అమ్మమ్మ పీట మీద ముందుకి జరిగింది.

"నిజంగానా? నాకు దుప్పట్లోంచి వస్తున్నట్టుందే. ట్రెబుల్ పెంచాల్సిందే."

"పెంచావంటే లేచిపోతాను. ఒసే పిచ్చిదానా, పెట్టె నేల మీదుంది. నువ్వు నిలబడ్డావు. అది పాడుతున్నది నీ మోకాళ్ళకి. మోకాళ్ళకి చెవులెప్పుడొచ్చాయే? అవి చాల్లేదన్నప్పుడల్లా నువ్వు పెంచడం, ఆ రజనంతా ఎదురుగా కూర్చున్న నా మొహాన పడటం!"

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఇన్నాళ్ళూ నువ్వడిగావా?"

ఆమె ఆంప్‌ని రెండు చేతుల్తో ఎత్తి బల్ల మీద పెట్టింది. చెవికి సరిసమానంగా. ఒక్క స్వరం మీటింది. "అమ్మో!" అని తనే రెండడుగులు వెనక్కేసింది. ఈ సూదుల్నా తను ఇంతకాలం మనుషుల మీదికి వదిలింది? ట్రెబుల్ దించింది. ఆరు, అయిదు, నాలుగున్నర.

"ఇదా, అదా?" అని ఈసారి తనని తనే అడిగింది. చెవి జవాబు చెప్పింది.

మళ్ళీ మీటింది. తీగని వేలితో పైకి నెట్టి పట్టుకుంది. ఏమీ రాలలేదు. మరుక్షణం ఆంప్ ముందు బిగించిన గుడ్డలోంచి రాగిరంగు దారం ఒకటి బయటికొచ్చింది. సన్నగా, వెచ్చగా, ఎక్కడా ముడి లేకుండా. స్వరం ఎంతసేపు నిలిచిందో దారం అంత పొడుగూ వచ్చి అమ్మమ్మ ఒళ్ళో వాలింది. అమ్మమ్మ దాన్ని వేలికి చుట్టుకోసాగింది.

అదే. చెవిలో ఇన్నేళ్ళూ దాక్కున్నది ఇదే. ఆమెకి కేక వెయ్యాలనిపించింది, వేసింది కూడా. ఆ వెంటనే రేపటి సంగతి గుర్తొచ్చి చెయ్యి వణికింది. వేదిక మీదా ఇలాగే వణికింది. ప్రతి స్వరం ముక్కలై అందరి ముందూ రాలుతుందన్న భయానికే కదా ఆ నాబ్‌ని సున్నాకి తిప్పేసింది. ఇప్పుడు ఈ దారమూ తెగిపోతుందనుకుంది.

తెగలేదు. వణికినచోటల్లా దారం చిన్నచిన్న వంకీలు తిరిగింది.

"ఈ వంకీలెలా తెప్పించావే?"

"చెయ్యి వణికింది అమ్మమ్మా."

"అయితే ఇంకోసారి వణుకు."

నవ్వుతూ వాయించింది. వాయిస్తూ నవ్వింది. దారం కిటికీ దాటి, ఆరేసిన బట్టల మధ్యనుంచి కిందికి జారింది.

"ఇది మీదేనా?" కింది వాటా ఆవిడ అరిచింది. "మా వంటింటిదాకా వచ్చేసింది! లాగనా, వదలనా?"

"వదలండి పిన్నిగారూ! ఇంకా చాలా ఉంది!"

గడియారం అయిదూ నలభై చూపిస్తోంది. సరేనక్కా, వస్తాను అంటే చాలు. రేపు ఈ శబ్దంతో వాయిస్తే పాత సంగతి ఎవరికీ తెలియదు. బక్కాయన కూడా లేడు. కానీ అక్క రేపు మురిసిపోతూ భుజం తట్టి, "అచ్చం ఆ రోజులాగే ఉందే" అంటుంది. ఆ మాట తలుచుకోగానే ఆమెకి ఒళ్ళు మండింది. ఆ రోజులాగానా? ఆ రోజు ఏముందని? ఇది ఈ రోజుది. ఈ మధ్యాహ్నం, ఈ గదిలో, నాబ్ వెంట నాబ్ తిప్పి తను పట్టుకున్నది. దీన్ని ఎవరూ ఇంకెవరి చప్పుడుతోనూ కలపకూడదు. అబద్ధం దాచుకోవడం మూడు నెలలుగా అలవాటైపోయింది. దీన్ని దాని పక్కన పెట్టడం మాత్రం తన వల్ల కాదు.

అక్క ఇంకొకర్ని చూసుకుంటాననొచ్చు. అననీ.

ఆమె గిటార్ పక్కన పెట్టి ఫోన్ అందుకుంది.

"ఎవరికే?" అంది అమ్మమ్మ, దారపు చుట్ట మీంచి తలెత్తకుండానే.

"డ్రమ్ములక్కకి. ముందు ఆ రోజు నిజం చెప్పి తిట్లు తింటాను. తర్వాత వినమంటాను."