పదిహేడో గదిలో రెండో మేకు

సెప్టెంబరు మూడో తారీకు. ఆ పొద్దున నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడికీ ఉడకని ఒక గుడ్డు. మా ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్ళు. గుడ్డు ఎన్ని నిమిషాలు ఉడకాలో చెప్పకుండానే వెళ్ళిపోయింది.

కేథలిక్ యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టలుకి సూపర్వైజర్ని నేను. తాళాలు, బల్బులు, కుళాయిలు, ఫిర్యాదులు నా శాఖ. ఆ ఏడాది అన్ని మతాల పిల్లల్నీ ఆదరంగా చేర్చుకోవాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరం వెనకే కమిటీ వచ్చింది. కమిటీ మూడుసార్లు కూర్చుని, వేరే మతాల పిల్లల గదుల్లో గోడమీది సిలువలు దించేయాలని తీర్మానించింది. పరాయిచోట ఉన్నామని వాళ్ళకి అనిపించకూడదట. దరఖాస్తులో మతం అన్నచోట ఒకమ్మాయి "ఇంకా ఆలోచిస్తున్నాను" అని రాసింది. ఆమె గది మీద గంటసేపు చర్చ జరిగింది. చివరికి అక్కడి సిలువని తలుపు వెనక్కి మార్చమన్నారు.

దించే పని మా వడ్రంగి మీద పడింది. పెద్దాయన. మాట తక్కువ, విసుగు ఎక్కువ. ఇరవై ఆరు సిలువలు దించి, ఒక్కోదాని వెనక గది నంబరు పెన్సిల్తో రాసి, అట్టపెట్టెలో పేర్చి నా బల్ల కిందకి తోశాడు. మేకులు మాత్రం పీకనన్నాడు.

"కమిటీలు మారతాయి సార్. గోడ మారదు."

మూడో తారీకు మధ్యాహ్నం పదిహేడో గది అమ్మాయి తండ్రి వచ్చాడు. ఆ పిల్లకి కెమిస్ట్రీలో సీటొచ్చింది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. మూడు రోజుల ముందే మేనత్తని వెంటబెట్టుకుని వచ్చి చేరింది. తండ్రి దర్జీ, ఐదు పూటలా నమాజు చేసే మనిషి. గది చూసి వెళదామని కొట్టు మూసి వచ్చాడు.

చూపించాను. పిల్ల తలుపు పక్కన నిలబడింది. మంచం, బల్ల, కిటికీ రెక్క, అన్నీ గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ళతో తడిమాడు. గోడ దగ్గర ఆగాడు. గోడకున్న రంగు వెలిసిపోయి, సిలువ ఉన్నంత మేర కొత్తగా మిగిలింది. పైన మేకుకి హ్యాంగరు, హ్యాంగరుకి పిల్ల ల్యాబ్ కోటు.

ఇక్కడేముండేదని అడిగాడు. చెప్పాను. ఎందుకు తీశారన్నాడు. మీ అమ్మాయి కోసమే అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "చుట్టం వస్తోందని ఇంటాయన్ని బయటికి పంపారన్నమాట. రేపు ఇంకెవరో వస్తే ఈ చుట్టాన్ని పంపరని నమ్మకమేంటి?"

కమిటీని అడిగి చెబుతానన్నాను. కమిటీ దగ్గర జవాబుండదని తెలుసు.

దేవుడంటే భయం ఉన్నవాళ్ళ మధ్య పిల్ల కుదురుగా ఉంటుందని ఇంత దూరం పంపాడట. ఇది చూస్తే అద్దెగదిలా ఉందన్నాడు. అద్దెగదులు వాళ్ళ వీధిలోనే బోలెడున్నాయట. పెట్టె సర్దుకోమని, ఐదింటి బస్సుకి ఇద్దరూ వెళ్ళిపోదామని కూతురితో చెప్పాడు, గొంతు పెంచకుండానే.

పిల్ల ఏడవలేదు. మంచం కిందనుంచి పెట్టె లాగి పుస్తకాలు పెట్టడం మొదలుపెట్టింది. అంత నెమ్మదిగా పెట్టె సర్దే మనిషిని నేను చూడలేదు.

"నీకేం కావాలమ్మా?" అన్నాను. అడిగాక తట్టింది, మూడు సమావేశాల్లోనూ ఈ ప్రశ్న ఎవరూ వేయలేదని. నేను కూడా.

తండ్రి వైపు చూడకుండా చెప్పింది. "నాకు ఇక్కడే చదువుకోవాలనుంది సార్. సిలువ దాని చోట్లో పెట్టేయండి, నాకేం అడ్డం కాదు. కోటుకి ఇంకో మేకు కావాలి."

"మూడు రోజుల్నుంచి నోరేమైంది?" అన్నాడు తండ్రి. "దర్జీ కూతురివి. కోటు ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తావా?" తర్వాత నాతో, ఆ ఇంటాయన్ని తిరిగి తెస్తే బస్సుకి తనొక్కడే వెళతానన్నాడు.

వార్డెన్ సిస్టరుని అడగాలి. ఆవిడ కమిటీలోనే కూర్చుని ఉన్నారు. అది ఐదింటిలోపు లేచిన కమిటీ కాదు. అడక్కుండానే వడ్రంగికి కబురు పెట్టాను.

అతను వచ్చేలోపు దర్జీ నా చొక్కా వంక చూశాడు. రెండో గుండీ ఊడి చాలాకాలమైంది. ఎవరూ అడగలేదు కనక నేనూ పట్టించుకోలేదు. తన కాలర్ వెనక గుచ్చుకున్న సూది తీసి, జేబులోంచి గుండీ వెతికి, కదలొద్దన్నాడు. నాలుగేళ్ళలో నా చొక్కాకి అంత దగ్గరగా ఎవరూ రాలేదు. దారం పళ్ళతో తెంపి, "ఇది మీకన్నా ఎక్కువకాలం ఉంటుంది," అన్నాడు.

వడ్రంగి సిలువ పట్టుకొచ్చి పాత మేకుకి తగిలించాడు. జానెడు దూరంలో, తలుపు పక్కన, కొత్త మేకు కొట్టాడు. నా మొహం వంక చూడకపోవడం అతని మర్యాద.

నమాజు వేళయింది. దర్జీ దిక్కు అడిగి కిటికీ వైపు తువ్వాలు పరిచాడు. సిలువ ఆయన వీపు వైపు గోడకి ఉండిపోయింది.

"నాకేం ఇబ్బంది లేదు. ఇంటాయనకుంటే చెప్పండి," అన్నాడు.

ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వస్తాయని, ఆయన దగ్గర్నుంచి ఇంతవరకూ ఒక్కటీ రాలేదని చెప్పాను.

ఐదింటి బస్సుకి ఒక్కడే ఎక్కాడు.

తొమ్మిదింటికి సిస్టరు గదులు చూసుకుంటూ వచ్చారు. తాళాలతో వెనక నేను. పదిహేడో గది తలుపు ఓరగా ఉంది. పిల్ల పుస్తకం మీదే తల పెట్టి నిద్రపోతోంది. సిస్టరు సిలువ చూశారు, రెండో మేకు చూశారు, కోటు చూశారు, నా గుండీ కూడా చూశారు. సాయంత్రం నుంచి తయారుచేసుకున్న సంజాయిషీ నాలుక చివర పెట్టుకుని నిలబడ్డాను.

"మిగతా ఇరవై ఐదుగురినీ ఏం కావాలో రేపు అడగండి," అన్నారు గొంతు తగ్గించి.

లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశారు.