రెండు చోట్ల కొట్టుకున్న గుండె

నా గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. ప్రమాదం లేదని వైద్యులు తేల్చారు గానీ, దాని తర్వాతి అడుగు ఎప్పుడు పడుతుందో వారికీ తెలియదు. మా కోడలు తన పరీక్షకు నన్ను ఎన్నుకోవడానికి కారణం ఇదే. ఆరోగ్యవంతుల గుండె ఒకే తీరుగా కొట్టుకుంటుంది గనుక, తెరమీద కనిపిస్తున్నది ఇప్పటిదో, ఎప్పుడో నమోదు చేసి ఉంచినదో చూసేవారు పోల్చుకోలేరు. నాది చూడగానే తెలిసిపోతుంది. ఉద్యోగకాలమంతా తర్కశాస్త్రం బోధించిన దాన్ని, చివరికి నా దేహంలో తర్కానికి బొత్తిగా లొంగని భాగం వల్ల పనికివచ్చాను.

కోడలు ఒక పెద్దాసుపత్రిలో నెట్‌వర్క్ ఇంజినీరు. రోగి పక్కన ఉండే మానిటరును పూర్వం తీగతో గోడకు కట్టి ఉంచేవారు. ఇప్పుడది రోగి వెంట స్కానింగు గదికీ, ఆపరేషను గదికీ, పై అంతస్తుకూ ప్రయాణిస్తుంది. దారి పొడవునా దానికి సంకేతం అందించే పెట్టెలు మారుతుంటాయి. మొదట్లో ప్రతి పెట్టె తన పరిధిలో తానే పెత్తనం చేసేది. పక్క పెట్టె సంగతి దానికి పట్టదు. అందువల్ల మంచం హద్దు దాటినప్పుడల్లా మానిటరు తన పరిచయం మొదటినుంచీ చెప్పుకోవలసి వచ్చేది. అంతసేపూ నర్సు ఎదుట తెర ఖాళీగా ఉండేది.

కోడలు ఆ పెత్తనాన్ని పెట్టెల చేతినుంచి తీసి, కంట్రోలర్ అనే ఒక్క ప్రోగ్రాముకు అప్పగించింది. ఇక మోయడం పెట్టెల పని, ఆలోచించడం కంట్రోలర్ పని. భవనమంతా దానికి కనిపిస్తుంది గనుక, మంచం మలుపు తిరగకముందే తర్వాతి పెట్టెకు కబురు వెళుతుంది: ఫలానా మానిటరు వస్తోంది, దారి సిద్ధం చేయి, దానికి ఏ తలుపులు తీయవచ్చో, ఏవి తీయకూడదో ఇదిగో. అంటే కాపలా గోడల దగ్గర ఆగిపోకుండా రోగిని వెన్నంటి నడుస్తుంది. ఈ పద్ధతి పరీక్షకు నిలిస్తే ఆసుపత్రి అంతటా పెడతారు. నిలవకపోతే మానిటర్లను తిరిగి గోడలకు కట్టేస్తామని సూపరింటెండెంటుగారు ముందే చెప్పారు. దానిమీద కోడలు పెట్టిన శ్రమంతా అక్కడితో సరి.

పరీక్ష కోసం భద్రతాధికారి బయటినుంచి ఒక యువకుణ్ణి రప్పించాడు. చొరబడటమే అతని వృత్తి. అయితే పిలిచినవారి ఇంట్లోకే చొరబడతాడు. ఆసుపత్రిలో అందరూ అతణ్ణి "దొంగగారూ" అని మర్యాదగా పిలిచేవారు. అతనూ అంత మర్యాదగానే పలికేవాడు.

నన్ను ట్రాలీ మీద పడుకోబెట్టి, ఒంటికి తీగలు తగిలించి, కింది వార్డునుంచి లిఫ్టులోకి తోశారు. లిఫ్టులోకి సంకేతం రాదు. జరిగిన అనర్థానికంతా మూలం ఆ కాస్త ఖాళీయే. నేను ఎక్కడా కనిపించని ఆ వ్యవధిలో, కింది వార్డులో కూర్చున్న దొంగగారు తన కంప్యూటరుకు నా మానిటరు పేరు తొడిగి, "నేనిక్కడే ఉన్నాను" అనిపించాడు. కాదనేవారు లేరు గనుక కంట్రోలర్ నమ్మింది. పైన లిఫ్టు తలుపులు తెరుచుకుని నా మానిటరు నోరు విప్పేసరికి, ఒకే వస్తువు రెండు చోట్ల ఉండదు గనుక వెనక వచ్చినదే దొంగదని తీర్మానించి నన్ను వెలివేసింది.

పై అంతస్తులో నర్సుల బల్ల లిఫ్టుకు ఎదురుగానే ఉంది. తెరమీద దొంగగారు పంపుతున్న, ఎవరిదో బుద్ధిమంతమైన గుండె తూచినట్టు కొట్టుకుంటోంది. హెడ్ నర్సు దాన్ని చూసి, నన్ను చూసింది.

"బాగుంది ఇంజినీరుగారూ. పైకొచ్చిన మామ్మగారేమో దొంగ, కిందున్న దొంగగారేమో పేషెంటు."

"ఇద్దర్నీ ఆపేస్తే గొడవ ఉండదు," అన్నాడు భద్రతాధికారి. "అనుమానమొస్తే మూసెయ్యడమే. నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నా."

"మూసేస్తే నా తెర ఖాళీ అయిపోతుంది సార్. ఈలోగా మనిషికేమన్నా అయితే? దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, అప్పుడొచ్చి చూడమంటారా?"

"అందర్నీ రానిస్తే మందుల చీటీలు మార్చేస్తాడమ్మా వాడు. అప్పుడేమంటారు?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కోడలు మరొక్కసారి అవకాశం ఇమ్మని సూపరింటెండెంటుగారిని అడిగింది. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఇదే ఆఖరిదన్నారు.

తర్వాతి సెలవునాడు, మధ్యాహ్న భోజనాల దగ్గర ఆ ప్రస్తావన వచ్చింది. నేను నా శాస్త్రం ప్రకారం మాట్లాడాను. రెండు సాక్ష్యాలు పరస్పరం విరుద్ధమైనప్పుడు ఒకటి అబద్ధమై తీరాలి. ఏది అబద్ధమో తేలేవరకు రెండింటినీ పక్కన పెట్టడమే న్యాయమని చెప్పాను.

"అయిపోయింది. అమ్మ భద్రతాధికారి పార్టీలో చేరిపోయింది," అన్నాడు మా అబ్బాయి.

కోడలు చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని నా వైపు చూసింది. "అత్తయ్యా, మీ తర్కంలో తేలేదాకా ఎవరూ చచ్చిపోరు. అందుకని మీరు ఎంతసేపైనా ఆగొచ్చు. నేను ఆగలేను."

ఆమె నా వాదాన్ని తప్పని అనలేదు; అది దేన్ని లెక్కలోకి తీసుకోలేదో చూపించింది. నా పుస్తకాల్లోని ప్రతిపాదనలకు ఊపిరి ఉండదు గనుక, కాలం వాటిని ఏమీ చేయదు. ఇన్ని తరగతులకు బోధించాను; ఈ మాట ఒక్క విద్యార్థి అయినా నాతో అన్న జ్ఞాపకం లేదు. ఓడిపోయినవారికి సాధారణంగా అన్నం సయించదు. నేను మారు వడ్డించుకున్నాను.

ఆ మాట పైకి అనడం వల్లనే తనకూ దారి కనిపించిందని కోడలు తర్వాత చెప్పింది. వచ్చింది ఎవరన్నది ఒక ప్రశ్న. అది తేలేలోపు ఏం చేయాలన్నది వేరొక ప్రశ్న. భద్రతాధికారి, హెడ్ నర్సు, నేను, అందరమూ రెండింటినీ ఒకే ముడిగా వేసి లాగుతున్నాము. మొదటిదానికి ఆమె చేసిన ఏర్పాటు ఇది: మానిటరు ఒక పెట్టెను వదిలినప్పుడల్లా కంట్రోలర్ దానికి తాళం వేసిన దారిలో ఒక కొత్త గుర్తుమాట ఇస్తుంది. పేరును ఎవరైనా తొడుక్కోవచ్చు గానీ, ఆ గుర్తుమాట దాన్ని అందుకుని వెళ్ళినవారికి తప్ప తెలియదు. కాసేపు కనుమరుగై మళ్ళీ తేలినవారు, ఎక్కడ తేలినా సరే, దాన్ని చెప్పవలసిందే. రెండోదానికి జవాబు వసారా. ఆ పేరు పెట్టింది కూడా ఆమే. గుర్తుమాట చెప్పేదాకా, వచ్చినవారిని గెంటివేయరు, ఇంట్లోకీ రానివ్వరు, వసారాలో కూర్చోబెడతారు. అక్కడినుంచి వారి మాట నర్సు తెరకు మాత్రమే వినిపిస్తుంది, అదీ "నిర్ధారణ కాలేదు" అన్న ముద్రతో. మందుల చీటీలకు గానీ, మరో రోగి వివరాలకు గానీ చేయి అందదు.

"నిన్న ఆలస్యంగా వచ్చానని నన్ను కూర్చోబెట్టావే, ఆ వసారాయేనా?" అన్నాడు అబ్బాయి.

"మీరెవరో తెలిసే కూర్చోబెట్టాను," అంది కోడలు.

రెండో పరీక్షనాడు అదే ట్రాలీ, అదే లిఫ్టు. దొంగగారు మాత్రం అదే దొంగగారు కాదు. అతనూ ఆ వారమంతా ఆలోచించినట్టున్నాడు. కింద ఒక కంప్యూటరు ఉంచి, ఇంకొకదానితో పై అంతస్తులో లిఫ్టు పక్కనే కాచుకున్నాడు. తలుపులు తెరుచుకునేసరికి తెరమీద నేను ముగ్గురిని. ముగ్గురిమీదా ముద్ర ఉంది.

"ఇందులో మామ్మగారిని నేను చెప్పగలను," అంది హెడ్ నర్సు. "తాగినవాడి నడకలా ఉందే, అదీ."

"మీరు చెబితే లాభం లేదు సిస్టర్, అది చెప్పాలి," అన్నాడు భద్రతాధికారి. నా మానిటరు ఇంకా చెప్పలేదు. లిఫ్టు వాకిట్లో సంకేతం కుదురుకోవడానికి వ్యవధి పడుతోంది. ఆయన కోడలి వైపు తిరిగాడు. "ముగ్గురు పేషెంట్లేమిటమ్మా? ఆపెయ్యండి."

"ఆపను సార్."

"తప్పయితే?"

"తప్పయితే గోడకు కట్టేద్దురుగాని. ఇప్పుడు మాత్రం ఆవిడ గుండె సిస్టర్‌కి కనిపిస్తోంది. అది ఆపను."

గొంతు పెంచలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. ట్రాలీ మీదినుంచి నాకు ఆమె మోచేతులే కనిపిస్తున్నాయి, అవి కదలలేదు. అంతలో తెరమీద, తడబడుతున్న గీత పక్కనుంచి ముద్ర తొలగిపోయింది. బుద్ధిగా కొట్టుకుంటున్న రెండు గుండెలూ ముద్రలతోనే మిగిలాయి. దొంగగారు మందుల చీటీ తెరవడానికి చాలాసేపు ప్రయత్నించి, కంప్యూటరు మూశాడు.

"కూర్చోబెట్టారు గానీ, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదండీ," అన్నాడు.

హెడ్ నర్సు బల్ల వెనకనుంచి లేచి వచ్చింది. "ఒక్క క్షణం కూడా ఖాళీ కాలేదు సార్. నా పేషెంట్లని దీనిమీద పెడతాను," అని సూపరింటెండెంటుగారితో చెప్పింది. ఆయన తల ఊపి, ముందు ఈ అంతస్తులో, తర్వాత అన్నింటిలో అన్నారు. ఆ పైన నా ట్రాలీ దగ్గరకు వచ్చి వంగారు. "వసారా అంటే పాతకాలం మాట కదండీ. ఆలోచన పెద్దవారు మీదే అయ్యుంటుంది."

కారణాన్ని దాని అసలు చోట పెట్టకుండా వదిలేయడం నాకు చేతకాదు.

"కాదండీ. నేను తలుపు మూసెయ్యమన్నాను. ఈ అమ్మాయి వద్దంది. అలా వద్దనబట్టే ఇందాక మీ తెరమీద నేనున్నాను."

కోడలు నేలవైపు చూస్తూ నిలబడింది. భద్రతాధికారి సద్దుకుని, "మా దొంగగారిని అప్పుడప్పుడూ పంపిస్తుంటానమ్మా," అన్నాడు.

"పంపండి సార్. రావడం మానేస్తేనే భయం."

వాళ్ళు ఏ వార్డు ముందు, ఏది వెనక అని మాట్లాడుకుంటూ నన్ను మరిచిపోయారు. ట్రాలీ తోసే అతను నన్ను మళ్ళీ కిందికి దింపాడు. కింది వరండాలో బెంచీల నిండా జనం. ఇంత హడావిడిగా తీసుకువెళ్ళి, ఒక్క చీటీ అయినా లేకుండా తిరిగి తెచ్చిన మనిషి ఎవరా అని ఒకావిడ తల ఎత్తి చూసింది.

"మీరెవరి తాలూకండీ?" అని అడిగింది.

ఫలానావారి భార్యననీ, ఫలానా అబ్బాయి తల్లిననీ చెప్పుకోవలసిన సందర్భాలు నాకు చాలా వచ్చాయి. ఎప్పుడూ అడిగినవారికి వినిపించేంత మేరకే చెప్పాను. ఈసారి వరండా చివరి బెంచీ దాకా వినిపించేలా చెప్పాను.

"పైన నెట్‌వర్క్ ఇంజినీరు ఉంది చూడండి, ఆ అమ్మాయి తాలూకు."