ఎనిమిదో పాట

యమున పోయిన పదకొండో రోజున ఆమె గొంతు కూడా పోయింది.

దినం అయ్యేదాకా పోయినవాళ్ల వస్తువులు ముట్టకూడదని గద్వాలలో వాళ్ల ఇంటి పద్ధతి. ఆమె భర్త, బడిపంతులు వెంకట్రాములు, దానికి ఎదురు చెప్పలేదు. అతని మేనత్త సుగుణమ్మ యమున చీరలు, కళ్లద్దాలు, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు మూటగట్టి అటక మీద పెట్టింది. సర్వే ఉద్యోగానికని 2004లో కొన్న కంప్యూటరది. ఉద్యోగం అయిపోయాక యమున దాన్ని రికార్డరుగా వాడుకుంది. గట్టు అనే ఊళ్లో పుష్పమ్మ పాడిన కలుపు పాటలు ఎనిమిది అందులో ఉన్నాయి. పాటల నడుమ యమున మాటలున్నాయి, నవ్వుంది. అతనికి కావలసింది అదే.

దినం కాగానే మూట విప్పి చార్జింగు పెట్టాడు. తెర వెలిగి, కొత్తదానిలా తేదీ అడిగింది. పాటలు ఒక్కటీ లేవు. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే లోపల దాచినవన్నీ చెరిగిపోతాయని, మెమరీ కార్డులోకి ఎక్కించుకోవాల్సిందని దుకాణంలో చెప్పారు. రోజూ చార్జింగు పెట్టే పని యమునది.

"అదిగూడ రోజూ తింటదని నాకేం తెల్సు బిడ్డా," అంది సుగుణమ్మ.

అన్నాళ్లూ మూట ముట్టనిది అతను కూడా.

ఆదివారం ఒక కార్డు కొని గట్టు బస్సెక్కాడు. సజ్జచేను ఒడ్డున కూర్చున్న పుష్పమ్మకు యమున పోయిన సంగతి ముందే తెలుసు. ఆమె అతని చేతిలోనిది చూడగానే గుర్తుపట్టింది.

"యమునమ్మ డబ్బ గదా! మళ్ల పాడాల్నా? నా పాటలన్నీ మింగి కూసున్నదా ఏంది?"

"మింగిందమ్మా."

"అన్ని మింగి జర గూడ లావు గాలేదు సార్, గట్లనే ఉన్నది."

ఏడు పాటలు పాడింది. ఎనిమిదోది ఎత్తుకుని, ఒక చరణం అని ఆగింది. తెర మీద సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"అందుకో సార్."

"నాకు రాదమ్మా."

"ఇది ఇద్దరనే పాట. ఒకరు అడుగుతరు, ఒకరు జవాబు చెప్తరు. పోయినసారి యమునమ్మ అందుకున్నది. బడిల గంతమందికి పాఠం చెప్తవ్, గీ రెండు ముక్కలు రావా?"

యమున ఆ జవాబును గిన్నెలు తోముతూ ఎన్నోసార్లు పాడింది. మాటలు అతనికి తెలుసు. నోరు తెరిచాడు. పాడకుండానే రికార్డు ఆపేశాడు.

పుష్పమ్మ కంప్యూటరు మీది దుమ్ము కొంగుతో తుడిచి అతని చేతికిచ్చింది.

"ఇంకోపారి రా సార్. నేను యాడికి పోత?"

ఏడు పాటలు కార్డులో ఉన్నాయి. రోజూ పొద్దున బడికి పోయే ముందు అతను చార్జింగు పెడుతున్నాడు. ఎనిమిదో పాట ఇంకా రికార్డు కాలేదు.