మెల్లమామ చెప్పిన మాట

పదకొండోసారి అద్దం తుడిచి, తన ముఖం అందులో ఉందని రూఢి చేసుకుని, మెల్లమామ పచ్చ కారు తలుపు తీశాడు. నేలకు జానెడు ఎత్తున ఉండే కారు. లోపలికి ముందు కాలు, తర్వాత బొజ్జ, ఆపైన వీలుంటే ఊపిరి వెళ్లాలి.

పాత స్పోర్ట్స్ కార్లు అమ్మే ఆ షాపులో ఇరవై రెండేళ్లుగా అతని పని, కొన్నవాళ్ల పక్కన కూర్చుని కారు సంగతులు చెప్పడం. ప్రతి మాటకూ ముందు "మెల్లగా" అంటాడు గనక ఆ పేరు వచ్చింది. ఈ పచ్చ కారులో హారన్ కొడితే, ఆ మోత ఎదుటివాడికి వినపడేలోపు కారే వెళ్లి పలకరిస్తుందని అతని లెక్క. తాను మాత్రం సైకిల్ మీద వస్తాడు. పల్లం వస్తే దిగి నడిపించుకుంటాడు.

ఆ రోజు దాన్ని కొన్నది మందుల షాపాయన. నలభై ఎనిమిదేళ్ల మనిషి. కొత్త చొక్కా అప్పుడే చంకల్లో తడిసింది.

"ఎప్పుడైనా కారు నడిపారా, సార్?"

"మా బావమరిదిది. ఒకసారి వెనక్కి తీశాను."

"ఎంతదూరం?"

"అరుగుదాకా."

ఇద్దరూ నవ్వారు. గేర్లు, బ్రేకులు, అద్దాలు అన్నీ చెప్పి, ఆవరణలో నాలుగు చుట్లు తిప్పించాడు. చివరికి మిగిలేది స్టీరింగ్ పక్కనున్న చిన్న బటన్. అది నొక్కితే, చక్రాలు జారిపోకుండా కారు తనంతట తాను పట్టే పట్టు వదిలేస్తుంది. అలవాటు లేని చేతికి ఇక మలుపులో అది మాట వినదు. "ఏడాదిదాకా ముట్టుకోకండి" అని అందరికీ చెబుతాడు, ఊరికే చూసిపోయేవాళ్లకు కూడా. పొద్దున వచ్చిన కొత్త దంపతులకూ చెప్పాడు.

పచ్చ కారు గేటు దాటింది. టాటా చెబుతున్న మెల్లమామ చేయి గాల్లోనే ఆగింది. ఈయనకు చెప్పాడా?

"ముట్టుకోకండి" అన్న తన గొంతు చెవిలోనే ఉంది. తలూపిన ముఖం మాత్రం ఒకసారి ఆ పెళ్లికొడుకుది, ఒకసారి మందుల షాపాయనది. ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని తనే చెప్పాడు. అది మాత్రం బాగా గుర్తుంది.

భార్యకు చేశాడు.

"ఏమే, ఆ బటన్ సంగతి ఆయనకు చెప్పానో లేదో గుర్తు రావట్లేదు."

"నువ్వు చెప్పకపోవడమా! మొన్న నిద్రలో నా చెయ్యి తోసేసి 'ముట్టుకోకండి సార్' అన్నావు. కట్టుకున్నదాన్ని సార్ అన్న మొగుడివి నువ్వొక్కడివే."

నవ్వబోయాడు, రాలేదు. మధ్యాహ్నందాకా ఆ నంబరుకు చేస్తూనే ఉన్నాడు.

మూడింటికి మేనేజరు వచ్చాడు. వంతెన దగ్గర మలుపట. రోడ్డు పొడిగానే ఉందట, ఎదురుగా ఏ బండీ లేదట. ఆయన అక్కడికక్కడే పోయాడట.

"బటన్ నొక్కాడా?"

"కారే మిగల్లేదు మామా, బటనెక్కడ వెతుకుతారు? అయినా నీకేం భయం లేదు. ఇదిగో, బటన్ గురించి వివరించానని ఈ కాగితంలో టిక్కు పెట్టి సంతకం చేశావుగా."

మెల్లమామ ఆ టిక్కు వంక చూశాడు. కుదురుగా ఉంది. వారానికి సరిపడా కాగితాలన్నిటికీ సోమవారం టీ తాగుతూ ఒకేసారి పెట్టేస్తాడు.

"చెప్పాను" అన్నాడు. ఆ టిక్కు మీద వేలు పెట్టి, "చెప్పానా?" అని మేనేజర్నే అడిగాడు.

మేనేజరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మెల్లమామ బయటికి వచ్చాడు. గేటు పక్కన, పొద్దున మందుల షాపాయన వేసుకొచ్చిన పాత స్కూటర్ స్టాండు మీద ఉంది. తాళం దానికే ఉంది. లోపలికి తిరగడానికి వేసిన ఎడమవైపు ఇండికేటర్ లైటు, నీరసంగా, ఇంకా వెలుగుతూ ఆరుతూ ఉంది.