పదహారులో పాడే పెద్దాయన

మా ఆయనకు అభిప్రాయాలు వచ్చింది రిటైరయ్యాకే. అంతకుముందు ముప్పై ఆరేళ్లు నడికుడి అవతల రైల్వే గేటు దగ్గర గేట్‌మ్యాన్‌గా చేశాడు. గేటు వెయ్యమనీ తియ్యమనీ స్టేషన్ మాస్టర్ ఫోన్‌లో చెప్పేవాడు. ఇంటికొస్తే ఏం కూర తినాలో నేను చెప్పేదాన్ని. ఇక అభిప్రాయంతో ఆయనకు పనేముంది?

అట్లాంటి ఆదెయ్య ఇంగ్లీషు రాక్, జాజ్ ప్లేట్ల మీద తీర్పులు చెప్పే మనిషయ్యాడంటే దానికి కారణం గార్డు విక్టర్ గారు. ఆయన కోయంబత్తూరు మారిపోతూ సామాను తగ్గించుకోవాలని తన రికార్డు ప్లేయరూ ముప్పై ఒక్క ప్లేట్లూ మా ఇంట్లో దించిపోయాడు. "ఆదెయ్యా, నువ్వు జాగ్రత్తగల మనిషివి, అందుకే నీకిస్తన్నా" అన్నాడు. కొంప ముంచింది ఆ జాగ్రత్తే.

ఆ ప్లేయరుకు పక్కన చిన్న మీట ఉంది. దాని చుట్టూ పదహారు, ముప్పై మూడు, నలభై ఐదు, డెబ్బై ఎనిమిది అని అంకెలున్నాయి. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇది స్పీడు మల్లీ" అన్నాడు. అంతవరకూ కరెక్టే. "పాత బండి, పాత లైను. ఇట్లాంటి చోట కాషన్ ఆర్డరుంటది. తక్కువ స్పీడులోనే పోవాల" అని మీటను పదహారు మీద పెట్టి, ఎవరూ కదపకుండా నల్ల టేపు చుట్టేశాడు. బలహీనంగా ఉన్న వంతెన మీద నెమ్మదిగా పొమ్మని డ్రైవరుకు రాసిచ్చే కాగితమే కాషన్ ఆర్డర్. అది మా ఇంట్లో రెండేళ్లు అమలైంది.

రెండేళ్లూ నా చెవులకు విశ్రాంతి లేదు. రాక్ అంటే రాయి అని మా ఆయన మొదటిరోజే చెప్పాడు, వింటే నాకూ క్రషర్ మిల్లులో రాయి నలుగుతున్నట్టే ఉండేది. ఒక ప్లేటులో గిటారాయన ఒక తీగ పట్టుకునే వేళకు నేను బియ్యం కడుగుతున్నా. అన్నం ఉడికి, పప్పు ఉడికి, తాలింపు కూడా అయ్యాక చూస్తే ఆయన ఇంకా ఆ తీగ మీదే ఉన్నాడు.

"ఆ తీగ తెగితేగానీ వదలడా ఏంది?" అన్నా.

"అది సాధన మల్లీ. నీకు తెలవదు."

తెలియనిది నాకా! జాజ్ మరీ ఘోరం. బాకా ఊదే ఆయనెవరో ఊపిరి తీసుకుంటే, వదిలేలోపు నేను వాకిలి ఊడ్చి వచ్చేదాన్ని. ఈనలేక అవస్థపడే గేదె కూడా అట్లా అరవదు. ఆ మాటే అంటే, "ఔటర్‌లో సిగ్నల్ దొరక్క నిలబడ్డ గూడ్సు బాధ అది" అని మా ఆయన కళ్లు తుడుచుకునేవాడు.

ఆ బాధ ఇంట్లోనే ఉన్నా బాగుండేది. నరసరావుపేటలో బ్యాంకులో పనిచేసే ప్రీతి అనే అమ్మాయి 'పల్నాడు రాక్ అండ్ జాజ్' అని వాట్సాప్ గ్రూపొకటి నడుపుతోంది. మా ఆయన అందులో చేరాడు. మాచర్ల నుంచి ఒక క్రషరాయన కూడా చేరి, ఇరవై ఎం.ఎం. కంకర ఎవరికి కావాలని వారానికోసారి అడుగుతుంటాడు. ఆయన సంగతి అట్లా ఉంచితే మిగతా అందరూ మా ఆయన మాట కోసం ఎదురుచూసేవాళ్లు.

"నాలుగో ప్లేటు. అట్ట మీద జుట్టు పెంచిన కుర్రాళ్లు నలుగురు. చూస్తే దుడుకు, పాడితే చానా నిదానస్తులు. డ్రమ్ములాయన ఒక దెబ్బేసి, రెండోది వెయ్యాలా వద్దా అని ఆలోచించుకుని వేస్తాడు. ఇప్పటి పిల్లలు నేర్చుకోవాల." ఇదీ మా ఆయన రాసే వరస. దానికి ప్రీతి, "అంకుల్, ఇదే ప్లేటు నేను పదేళ్లుగా వింటున్నా, ఈ కోణం తట్టనే లేదు. మీ మాటల్లో ఒక లోతుంది" అని జవాబిచ్చేది. ముప్పై ఆరేళ్లు రైల్లోంచి ఎంగిలి విస్తరి విసిరినవాళ్లే గానీ 'బాగున్నావా' అన్నవాళ్లు లేరు ఈ మనిషిని. ఇప్పుడు నలభై మంది సార్ అంటున్నారు. రోజూ గడ్డం గీసుకుని మరీ ఫోన్ పట్టుకునేవాడు.

అన్నిటికంటే ఆయనకు ప్రాణం పదిహేడో ప్లేటు, జాజ్. అట్ట మీద వానలో బల్ల మీద కూర్చున్న టోపీ ముసలాయన. పాడేది ఆయనేనని మా ఆయన ఖాయం చేశాడు. గొంతు కూడా అట్లాగే బావిలోంచి వస్తున్నట్టు ఉండేది. "పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఆయాసముంది. పెళ్లాం పోయుంటది, ఆ మాట పైకి చెప్పడు. నాలాగే మనసులో పెట్టుకునే మనిషి" అని రాస్తే, ఆ ప్లేటు ఎన్నడూ వినని గ్రూపు గ్రూపంతా దండాలు పెట్టింది.

"నీలాగే ఏంది? నేను బతికే ఉన్నా గదా!" అని నేను గొడవపెట్టుకున్నా. మా ఆయన వినలేదు. సాయంత్రం టీ తాగుతూ ఆ పెద్దాయన్నే వింటూ కూర్చునేవాడు. చలికాలంలో అయితే, "ఇవాళ గొంతు మరీ పట్టేసింది, మిరియాల కషాయం తాగితే పోయేదిగా" అని దిగులుపడేవాడు.

వచ్చే ఆదివారం నరసరావుపేటలో గ్రూపు వాళ్లంతా కలుస్తున్నాం, ఆ ప్లేటు మీద మీరే మాట్లాడాలి, ప్లేయర్ కూడా తెండి అని ప్రీతి ఫోన్ చేసింది. మా ఆయన వారం రోజులు కూర్చుని నాలుగు కాగితాలు రాశాడు. శనివారం ఆయన చొక్కా ఇస్త్రీకి ఇవ్వడానికి వెళ్లినప్పుడు, ప్లేయరుకు ప్లగ్గు మార్చమని నేను ఎలక్ట్రిషియన్ మోయిన్‌ను పిలిపించా. మా వీధి కుర్రాడే. ప్లగ్గు మార్చి, మీటకున్న టేపు పీకి చూసి నవ్వాడు.

"ఇది ముప్పై మూడు ప్లేటు పిన్నమ్మా. పదహారులో ఎందుకు పెట్టారు? సగం స్పీడులో తిరగతంది." అని మీట జరిపి పదిహేడో ప్లేటు మీద ముల్లు దించాడు.

ఆడపిల్ల పాడింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో, హుషారుగా, గలగలా పాడుతోంది. వెనక డ్రమ్ములు ఉరుకుతున్నాయి. నేను చాప మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వా. రెండేళ్లు! గేదె కాదు, బాకా. నిదానస్తులూ కాదు, మా ఆయనే వాళ్ల కాళ్లకు బంధం వేశాడు. నేను గెలిచా. వీధి మలుపులో ఆయన కనిపించగానే చెప్పి ఉతికెయ్యాలని లేచా.

అప్పుడు బల్ల మీద ఆ నాలుగు కాగితాలు కనబడ్డాయి. పైన పెద్ద అక్షరాలతో 'నాకు తెలిసిన పెద్దాయన' అని రాసుంది.

"ఒరేయ్ మోయిన్, మళ్లీ పదహారులో పెట్టు. ఈ సంగతి ఎవరికన్నా చెప్పావో, చూడు మరి" అన్నా. వాడు పెట్టాడు. టేపు మాత్రం జిగురు పోయి అంటుకోలేదు. రేపు ఒక్కరోజేగా, ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నా.

మర్నాడు హాల్లో ముప్పై మంది ఉన్నారు. మాచర్ల క్రషరాయన ముందు వరసలోనే కూర్చున్నాడు. నేను మూడో వరసలో. మా ఆయన మైకు ముందు నిలబడి కాగితం చూడకుండానే చెప్పాడు. ఆ పెద్దాయన వయసు, ఆయాసం, ఒంటరితనం, ఏ మాట దగ్గర ఆగి గుటక మింగుతాడో అన్నీ చెప్పాడు. నాకు తెలిసి ఆయన పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు మాట్లాడలేదు. "ఇప్పుడు ఆయన్నే వినండి" అని పక్కకు జరిగాడు.

ప్రీతి ప్లేయర్ దగ్గరకొచ్చి, "దార్లో మీట కదిలినట్టుంది" అంటూ జరిపేసింది. "అమ్మాయీ, ఆగు!" అని నేను లేచా గానీ చప్పట్లలో వినబడలేదు.

ఆడపిల్ల గలగలా పాడింది. ముందు ఎవరికీ అర్థంకాలేదు. తర్వాత వెనకెవరో కిసుక్కుమన్నారు, ఆపైన హాలంతా నవ్వు. ప్రీతి మొహం పాలిపోయింది. మా ఆయన నవ్వలేదు. అట్ట తీసి చూశాడు, ప్లేటు వంక చూశాడు.

"ఈ పిల్ల బాగానే పాడతంది," అన్నాడు మైకులో, చిన్నగా. "మరి మా పెద్దాయన ఏడమ్మా?"

నవ్వు ఇంకా పెరిగింది. నా ప్రాణం ఉసూరుమంది. పరువు పోయిందని కాదు. ఆ మనిషి నిజంగానే వెతుక్కుంటున్నాడు. రెండేళ్లుగా రోజూ వచ్చి కూర్చున్నవాడు చెప్పాపెట్టకుండా పోయినట్టు నిలబడ్డాడు. నేను నిన్ననే చెప్పుంటే ఇంట్లోనే, నా ముందే, ఆయన తీరిగ్గా బాధపడేవాడు.

కుర్చీలు తోసుకుంటూ వెళ్లి మైకు లాక్కున్నా. "ఆ మీటను పదహారులో పెట్టింది ఈయన. తప్పని నిన్ననే తెలిసీ చెప్పకుండా తీసుకొచ్చింది నేను. ఇద్దరిదీ సమానం. ఇక నవ్వింది చాలు, కూర్చోండి!" అన్నా. క్రషరాయన అయితే చేతులు కట్టుకుని మరీ కూర్చున్నాడు.

మీటను పదహారు మీదకు తోశా. ఆడపిల్ల గొంతు జారుతూ జారుతూ కిందికి పోయింది. ఎక్కడో లోపల్నుంచి, ఆయాసపడుతూ, ఆ ముసలాయన వచ్చాడు.

మా ఆయన ఊపిరి పీల్చుకుని కళ్లు మూసుకున్నాడు. ఎవరైనా వచ్చి కదుపుతారేమోనని నేను మీట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. రెండేళ్లలో మొదటిసారి నోరెత్తకుండా పాట చివరిదాకా విన్నాను. బాగాలేదు. అయినా విన్నాను.